ఆరేళ్ల బాబుకు గవదబిళ్లలు: ఇంట్లో ఎలా చూసుకోవాలి, ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాబుకు ఆరేళ్లు, బరువు 18 కిలోలు. నిన్న పొద్దున నిద్ర లేచేసరికి ఎడమ చెవి కింద వాపు, సాయంత్రానికి 101 జ్వరం. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు గవదబిళ్లలని చెప్పి మూడు రోజులు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేయించుకోమన్నారు. మీ అత్తగారు సున్నం, పసుపు కలిపి పట్టు వేద్దామంటున్నారు. ఇంట్లో రెండేళ్ల పాప కూడా ఉంది. మీ వారికి చిన్నప్పుడు ఇది రాలేదు. మగవాళ్లకు వస్తే ఇక పిల్లలు పుట్టరని ఎవరో అనడంతో ఆయనకు టెన్షన్ పట్టుకుంది. అన్నిటికీ మించి, టీకాలన్నీ వేయించినా ఎందుకొచ్చిందని మీ బాధ.

ముందు సూటిగా చెప్తాను. మీరు రాసిన లక్షణాలు గవదబిళ్లలకు సరిపోతున్నాయి. ఇది వైరస్ వల్ల వచ్చే జబ్బు. యాంటీబయాటిక్ దీని మీద పని చేయదు. ఆ ఇంజెక్షన్లు వద్దు. వారం, పది రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. అప్పటిదాకా బాబుకు నొప్పికి పారాసిటమాల్, బాగా నీళ్లు, పులుపు లేని మెత్తటి తిండి, విశ్రాంతి చాలు. వాపు కనిపించిన రోజు నుంచి ఇంకో 5 రోజులు బడికి పంపకండి. సున్నం మాత్రం పెట్టొద్దు. నేను బాబును చూడకుండా రాస్తున్నాను కాబట్టి, ఒక్కసారి దగ్గర్లోని పిల్లల డాక్టరుకు చూపించి నిర్ధారించుకోండి. చూపించడానికి వెళ్లేటప్పుడు ముందుగా ఫోన్ చేసి గవదబిళ్లల అనుమానం అని చెప్పండి. వాళ్లే మిగతా పిల్లలకు దూరంగా కూర్చోబెడతారు.

పిల్లల డాక్టరుగా 24 ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ జబ్బుతో వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి నేను మందు చీటీలో రాసింది ఒక్క పారాసిటమాలే. తల్లిదండ్రులతో మాట్లాడటానికి మాత్రం అరగంట పట్టేది. ఆ అరగంటలో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఇవి గవదబిళ్లలేనా? మన భాషలో ఒక చిక్కుంది. గొంతు నొప్పికో, పంటి నొప్పికో మెడలో గడ్డలు తేలినా "బిళ్లలు కట్టాయి" అనే అంటాం. అవి లింఫ్ గ్రంథులు. గవదబిళ్లల్లో వాచేది లాలాజల గ్రంథి, చెవికి ముందూ కిందా ఉండే పెద్దది. తేడా కనిపెట్టడానికి ఇంట్లోనే ఒక పని చేయండి. బాబును వెలుతురులో కూర్చోబెట్టి వెనక నిలబడి రెండు చెవి తమ్మెలూ చూడండి. వాచిన వైపు తమ్మె కాస్త పైకి, బయటికి లేచినట్టు ఉంటుంది. తర్వాత గడ్డం దగ్గర వేలు పెట్టి దవడ ఎముక వెంట చెవి వైపు మెల్లగా జరపండి. బాగున్న వైపు దవడ మూల మీ వేలికి తగులుతుంది. వాచిన వైపు ఆ మూల వాపులో కలిసిపోయి దొరకదు. మెడలో కట్టిన బిళ్లలైతే దవడ మూల అలాగే ఉండి, దాని కింద గడ్డ విడిగా చేతికి తగులుతుంది.

రెండో గుర్తు తిండి దగ్గర తెలుస్తుంది. "చారన్నం నోట్లో పెట్టగానే చెంప పట్టుకుని ఏడుస్తున్నాడండీ" అని తల్లి ఫోన్‌లో అంటే నాకు సగం జబ్బు తెలిసిపోతుంది.

సాధారణంగా ముందు ఒకవైపు వచ్చి, ఒకటి రెండు రోజుల్లో రెండోవైపూ వాస్తుంది. రేపు కుడివైపు కూడా ఉబ్బితే జబ్బు ముదిరిందని కంగారు పడకండి, దాని తీరే అంత. నలుగురిలో ఒకరికి ఒకవైపే వచ్చి ఆగిపోతుంది కూడా. వాపు రెండు మూడు రోజులు పెరిగి, తర్వాత మెల్లగా దిగుతుంది.

కొన్ని గుర్తులుంటే అది గవదబిళ్లలు కాకపోవచ్చు. వాపు మీద చర్మం ఎర్రగా కందిపోయి, ముట్టుకుంటే కాలుతుంటే, లేదా చెంప లోపలి నుంచి చీము వస్తుంటే అది బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్. దానికి యాంటీబయాటిక్ కావాల్సిందే. "మా వాడికి ఇప్పటికి నాలుగుసార్లు గవదబిళ్లలు వచ్చాయి" అనే తల్లిదండ్రులూ వస్తుంటారు. గవదబిళ్లలు ఒకసారి వస్తే మళ్లీ రావడం చాలా అరుదు. మాటిమాటికీ అదే గ్రంథి వాస్తుంటే కారణం వేరే ఉంటుంది, దాన్ని వెతకాలి. గొంతులో తెల్లటి పొర కట్టి, మెడంతా ఉబ్బి, ఊపిరి తీసుకోవడం కష్టమైతే డిఫ్తీరియా కావచ్చు. అప్పుడు ఒక్క గంట కూడా ఆగకండి.

తిండి గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. జ్వరం రాగానే మన ఇళ్లలో ఏం పెడతాం? చారన్నం, నిమ్మకాయ నీళ్లు, బత్తాయి రసం. నోటికి రుచి తగలాలని కాస్త ఊరగాయ. మిగతా జ్వరాల్లో ఫర్వాలేదు గానీ, ఇందులో ఇవన్నీ బిడ్డను ఏడిపించేవే. వాచిన గ్రంథి పనే లాలాజలం తయారు చేయడం. నాలుక మీద పులుపు పడగానే అది ఒక్కసారిగా పని మొదలుపెడుతుంది. వాచి ఉన్న గ్రంథిని గట్టిగా పిండినట్టు ఉంటుంది ఆ బిడ్డకు. నా దగ్గరికి వచ్చిన ఒక పిల్లాడి గురించి చెప్తాను. వరండాలో వాళ్ల నాన్న బత్తాయి రసం గ్లాసు నోటికి అందించాడు. ఒక్క గుక్క. అంతే, గ్లాసు వదిలేసి రెండు చేతులతో రెండు చెంపలూ పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆ తర్వాత పూటంతా మంచినీళ్లు కూడా ముట్టలేదు, మళ్లీ నొప్పి వస్తుందేమోనని. బిడ్డ ఇలా తాగడం మానేస్తేనే ఒంట్లో నీళ్లు తగ్గిపోయి సెలైన్ దాకా వెళ్లాల్సి వస్తుంది.

కాబట్టి ఈ వారం చింతపండు, నిమ్మ, టమాటా, పుల్ల మజ్జిగ, ఊరగాయ, పుల్లటి పండ్లు పక్కన పెట్టండి. నమలడం కూడా నొప్పే కాబట్టి చపాతీ, మాంసం ముక్కలు, జంతికల్లాంటివి వద్దు. మెత్తగా ఉడికించిన అన్నంలో పెసరకట్టు, పాలలో నానబెట్టిన ఇడ్లీ, పల్చటి రాగి జావ, పులియని పెరుగుతో మెత్తటి పెరుగన్నం, మాగిన అరటిపండు, బొప్పాయి బాగుంటాయి. ఏదైనా గోరువెచ్చగానో చల్లగానో పెట్టండి. గ్లాసుడు నీళ్లు ఒకేసారి తాగమనకుండా పది నిమిషాలకోసారి రెండు గుక్కలు పట్టించండి. కొబ్బరి నీళ్లు, ఓఆర్‌ఎస్ కూడా మంచివే. రెండు రోజులు అన్నం సరిగ్గా తినకపోయినా ఏం కాదు, నీళ్లు మాత్రం పోతూ ఉండాలి. ఆరు గంటలు దాటినా బాబు మూత్రానికి వెళ్లకపోతే నీళ్లు చాలడం లేదని లెక్క. ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లతో రోజూ మూడు నాలుగుసార్లు పుక్కిలించమనండి. లాలాజలం తగ్గి నోరు పాచి పట్టినట్టు ఉంటుంది కదా, అది పోతుంది.

మందు. బాబు 18 కిలోలు కాబట్టి పారాసిటమాల్ ఒక్కో డోసుకు 250 మిల్లీగ్రాముల దాకా ఇవ్వొచ్చు. ఇక్కడ ఒక్క జాగ్రత్త. పారాసిటమాల్ సిరప్ రెండు రకాల బలంతో దొరుకుతుంది. 5 ఎంఎల్‌లో 250 మిల్లీగ్రాములు ఉండే సీసా అయితే 5 ఎంఎల్, 5 ఎంఎల్‌లో 125 ఉండేదైతే 10 ఎంఎల్. సీసా మీద చదివి, దానితో వచ్చిన కొలత మూతతోనే కొలవండి, ఇంట్లో చెంచాతో వద్దు. ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లకు మించొద్దు. జ్వరం లేకపోయినా నొప్పి ఉంటే ఇవ్వండి. అన్నానికి అరగంట ముందు ఇస్తే బిడ్డ కాస్త తినగలడు. ఆస్పిరిన్ పిల్లలకు అసలు ఇవ్వకూడదు, వైరస్ జ్వరాల్లో దానివల్ల కాలేయం, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నిమిసులైడ్ 12 ఏళ్లలోపు పిల్లలకు మన దేశంలో 2011లోనే నిషేధించారు, పాత సీసా ఇంట్లో ఉంటే పారేయండి. వాపు త్వరగా దిగుతుందని స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేసేవాళ్లూ ఉన్నారు. బాబుకు దాని అవసరం లేదు, చేయించకండి.

సున్నం పట్టు. మీ అత్తగారు ప్రేమతోనే అంటున్నారు, ఆ మాట ఆవిడకు నొచ్చకుండా చెప్పండి. సున్నం చర్మాన్ని కాలుస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఒక నాలుగేళ్ల పాపకు ఇలాగే చెంప మీద సున్నం పట్టు వేసి రాత్రంతా ఉంచేశారు. పొద్దున తడిబట్టతో తుడుస్తుంటే పట్టుతోపాటు పైచర్మం ఊడి వచ్చింది. గవదబిళ్లలు వారంలో తగ్గాయి, చెంప మీద మచ్చ మాత్రం నెలల తరబడి ఉంది. ఆవిడకు చేతనైన సాయం చేయాలని ఉంటే మెత్తటి బట్టను చల్లటి నీళ్లలో ముంచి పిండి, చెంప మీద పది నిమిషాలు ఆనించమనండి. వెచ్చటి కాపడం హాయిగా ఉందని బాబు అంటే అదైనా సరే. మెడలో బంగారు గొలుసు వేసే అలవాటు మన ఇళ్లలో ఉంది. దానివల్ల జబ్బు తగ్గదు, హానీ లేదు. పెద్దావిడ మనసు కోసం పగలు వేసి, పడుకునేటప్పుడు తీసేయండి.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. నూటికి తొంభై మందికి పైగా పిల్లలు ఏ ఇబ్బందీ లేకుండా లేచి తిరుగుతారు. కానీ ఈ వైరస్ లాలాజల గ్రంథితోనే ఆగదు, ఒక్కోసారి మెదడు పొరల దాకా, క్లోమం దాకా వెళ్తుంది. ఈ కిందివాటిలో ఏది కనిపించినా, రాత్రయినా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లండి: తట్టుకోలేనంత తలనొప్పితో వాంతులు, గడ్డం ఛాతీకి ఆనించలేనట్టు మెడ బిగుసుకోవడం, మత్తుగా పడి ఉండటం, పొంతన లేని మాటలు, ఫిట్స్, పొట్ట పైభాగంలో విపరీతమైన నొప్పి, వృషణాల్లో నొప్పి, వాపు, ఉన్నట్టుండి చెవి వినిపించకపోవడం. జ్వరం తగ్గి, రెండు రోజులు బాగుండి మళ్లీ పెరిగినా అశ్రద్ధ చేయకండి. మెదడు పొరల వాపు అనగానే గుండె ఆగినంత పనవుతుంది ఎవరికైనా. అయితే గవదబిళ్లల వల్ల వచ్చేది ఎక్కువగా పూర్తిగా తగ్గిపోయేదే. మెదడుకే వాపు రావడం చాలా అరుదు. కానీ ఏది ఏమిటో తేల్చాల్సింది ఆస్పత్రిలో డాక్టరు.

మీ వారి సంగతి. బాబుకు వృషణాల భయం దాదాపు అక్కర్లేదు, యుక్తవయసు రాకముందు అది చాలా అరుదు. పెద్దవాళ్లలో మాత్రం నిజంగానే ఉంటుంది. టీకా వేసుకోని మగవాళ్లకు యుక్తవయసు తర్వాత గవదబిళ్లలు వస్తే, పది మందిలో ఇద్దరు ముగ్గురికి వృషణం వాస్తుంది. సాధారణంగా చెంప వాచిన నాలుగో రోజు తర్వాత, వారం పది రోజుల్లో మొదలవుతుంది. ఎక్కువమందికి ఒకవైపే. కొందరిలో తర్వాత ఆ వృషణం కాస్త చిన్నదవుతుంది. కానీ పిల్లలు అసలే పుట్టని స్థితి రావడం చాలా అరుదు. నా దగ్గరికి వచ్చే ఒక పాప వాళ్ల బాబాయి, 27 ఏళ్లవాడు, పాప నుంచే అంటించుకున్నాడు. ఆరో రోజు వృషణం వాచి జ్వరం 103కి వెళ్లింది. సిగ్గుతో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, రెండు రోజులు గది తలుపేసుకుని పడుకున్నాడు. అన్నం పెట్టడానికి వెళ్లిన వదినకు కుంటుతూ కనిపించాడు. యూరాలజిస్టు దగ్గరికి పంపాను. విశ్రాంతి, నొప్పి మందు, బిగుతు లోదుస్తులతో ఆసరా, బట్టలో చుట్టిన ఐసు కాపడం, ఇంతే వైద్యం. పది రోజుల్లో తేరుకున్నాడు. పెళ్లయ్యాక ఇద్దరు పిల్లల తండ్రి కూడా అయ్యాడు.

ఈ మాట మీ వారికి చదివి వినిపించండి: వృషణంలో ఉన్నట్టుండి నొప్పి వస్తే "గవదబిళ్లల వల్లే అయ్యుంటుంది" అని ఇంట్లో ఉండిపోవద్దు. వృషణం మెలిపడినా అలాగే నొప్పి వస్తుంది, దానికి ఆరు గంటల్లోపే ఆపరేషన్ జరగాలి. స్కాన్ చేస్తే ఈ రెండిట్లో ఏదన్నది తెలుస్తుంది. సిగ్గుపడాల్సింది ఇందులో ఏమీ లేదు.

చిన్నప్పుడు రాలేదు అంటున్నారు గానీ, అది ఖాయమని చెప్పలేం. ఈ వైరస్ సోకిన పది మందిలో ఇద్దరు ముగ్గురికి ఏ లక్షణమూ కనపడదు. ఆయనకూ తెలియకుండానే వచ్చిపోయి ఉండొచ్చు.

టీకా వేయించినా ఎందుకొచ్చింది? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, కొందరు ఏడుస్తూ అడిగారు. తప్పు మీది కాదు. మీ టీకా కార్డు తీసి చూడండి. 9 నెలలకు, ఏడాదిన్నర ప్రాంతంలో వేసినచోట "ఎంఆర్" అని ఉందా, "ఎంఎంఆర్" అని ఉందా? ఒక్క "ఎం" తేడా. ప్రభుత్వ టీకాల్లో ఇచ్చేది ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లా. మన రెండు రాష్ట్రాల్లో 2017లో ప్రత్యేకంగా క్యాంపెయిన్ పెట్టి 9 నెలల నుంచి 15 ఏళ్లలోపు పిల్లలకు వేసింది కూడా అదే. అందులో గవదబిళ్లల మందు లేదు. ఎంఎంఆర్‌లో ఉంటుంది. పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ దాన్ని 9 నెలలకు, 15 నెలలకు, మళ్లీ 4–6 ఏళ్ల మధ్య వేయించమంటుంది, కానీ అది ప్రైవేటులో డబ్బు పెట్టి వేయించుకోవాలి. ఈ సంగతి తల్లులకు ఎవరూ విడమర్చి చెప్పరు. కార్డులో అన్ని గడులూ నిండాయి కాబట్టి అన్నీ అయిపోయాయనుకుంటారు. 2023 చివర నుంచి 2024లో కేరళలో వేల కేసులు వచ్చాయి, హైదరాబాద్‌లోనూ బాగా పెరిగాయి. నాకైతే ఈ టీకా కూడా ప్రభుత్వ జాబితాలో చేరాలని గట్టిగా ఉంది.

ఎంఎంఆర్ వేసినా నూటికి నూరు రక్షణ ఉండదు. రెండు డోసులు పడితే వందలో 85–90 మందికి రాదు. వచ్చినా తేలిగ్గా పోతుంది, వృషణాల వాపు, మెదడు పొరల వాపు బాగా తగ్గుతాయి.

పాప విషయానికి వస్తే, బాబుకు వాపు కనపడటానికి రెండు రోజుల ముందు నుంచే వైరస్ తుంపరల్లో బయటికి వస్తుంటుంది. అంటే అన్నాచెల్లెళ్లు కలిసి ఆడుకున్నప్పుడే అంటి ఉండొచ్చు. అలాగని వదిలేయక్కర్లేదు. ఈ 5 రోజులు బాబుకు గ్లాసు, చెంచా, తువ్వాలు వేరుగా పెట్టండి, ఎంగిలి పెట్టనీయకండి, వీలైతే వేరే మంచం మీద, కిటికీ తెరిచి పడుకోబెట్టండి. అంటిన తర్వాత బయటపడటానికి 12 నుంచి 25 రోజులు, ఎక్కువగా రెండున్నర వారాలు పడుతుంది. కాలెండర్‌లో ఒక నెల దాకా గీత పెట్టుకుని పాపనూ మీ వారినీ గమనిస్తూ ఉండండి. పాపకు ఎంఆర్ మాత్రమే పడి ఉంటే ఎంఎంఆర్ వేయించండి. ఇప్పుడు వేస్తే ఇప్పటికే అంటిన వైరస్‌ను ఆపదు, కానీ అంటకపోయి ఉంటే ముందు ముందు కాపాడుతుంది. మీ వారూ నాలుగు వారాల తేడాతో రెండు డోసులు వేసుకోవచ్చు. ఇంట్లో ఎవరైనా గర్భంతో ఉంటే మాత్రం వాళ్లకు ఈ టీకా వేయకూడదు, బాబుకు దూరంగా ఉంచండి, వాళ్ల డాక్టరుకు చెప్పండి.

ఈ టీకా కూడా ఇలాంటి ఇంట్లోనే మొదలైంది. 1963లో అమెరికాలో మారిస్ హిల్‌మన్ అనే శాస్త్రవేత్తను ఆయన ఐదేళ్ల కూతురు రాత్రిపూట లేపి గొంతు నొప్పి అంది. గవదబిళ్లలని గుర్తుపట్టి, పాప గొంతులోంచి దూదిపుల్లతో నమూనా తీసి ప్రయోగశాలకు పట్టుకెళ్లాడు. ఆ వైరస్‌ను బలహీనపరచి చేసిన టీకాకు 1967లో అనుమతి వచ్చింది. అక్కడ ఇప్పటికీ అదే వాడుతున్నారు. మొదట్లో ఆ టీకా వేసుకున్న పిల్లల్లో ఆ పాప చెల్లెలు కూడా ఉంది.

చివరిగా ఒకటి. నా ప్రాక్టీసు మొదటి సంవత్సరాల్లో తొమ్మిదేళ్ల అమ్మాయి గవదబిళ్లలతో వచ్చింది. వారంలో తగ్గింది, బడికి పంపేయమన్నాను. నెల తర్వాత వాళ్లమ్మ మళ్లీ తీసుకొచ్చింది: "ఫోన్ ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టుకుంటోంది సార్, కుడివైపు నుంచి పిలిస్తే అటూ ఇటూ చూస్తోంది." పరీక్ష చేయిస్తే కుడి చెవికి వినికిడి పూర్తిగా పోయిందని తేలింది. అది మళ్లీ రాలేదు. ఇలా శాశ్వతంగా వినికిడి పోవడం సుమారు 20,000 మందిలో ఒకరికి, ఎక్కువగా ఒక్క చెవికే. ఒక చెవి బాగుంటే పిల్లలు చెప్పరు, వాళ్లకూ తెలియదు. ఆ రోజు నేను అడగలేదు. అప్పటి నుంచి ప్రతి బిడ్డకూ అడుగుతున్నాను.

మీరూ చేయండి. జబ్బుగా ఉన్నన్నాళ్లు రోజుకోసారి, తగ్గాక రెండు వారాల పాటు అప్పుడప్పుడు. బాబును కళ్లు మూసుకోమని, ఒక చెవి వేలితో మూసి, రెండో చెవి దగ్గర మెల్లగా వాడి పేరో, వాడికిష్టమైన తినుబండారం పేరో గుసగుసగా చెప్పండి. తిరిగి చెప్పమనండి. తర్వాత రెండో చెవి. ఏ ఒక్క చెవికి వినపడలేదనిపించినా మర్నాటికి వాయిదా వేయకుండా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.